కంట్రాక్టు మన పేరున, కీ ఎవరి జేబులో?

(మండల కేంద్రంలో జరిగిన కార్యకర్తల తరగతిలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే, అక్కడక్కడ కుదించి ఇస్తున్నాం.)



ఈ పూట నన్ను మాట్లాడమన్న విషయం తెలిసి మా స్టాఫ్ రూములోనే ఒకాయన నవ్వాడు. "సోషల్ పాఠం చెప్పుకునే పంతులుకి టెండర్ల గొడవెందుకు మాస్టారూ" అన్నాడు. నవ్వితే నవ్వాడు గానీ అడిగింది సబబే. నేను సిమెంటు బస్తా మోశాను. కూలికి మోశాను. అమ్మింది లేదు, కొన్నది లేదు. మా అయ్య పదిహేనేళ్లు రోడ్డు పక్కన కూచుని కంకర కొట్టాడు. ఆ రోడ్డు ఎంతకు పాడారో, ఆ కాగితాల్లో ఏముందో మా అయ్యకు తెలియదు. వారానికొకసారి మస్టరు మీద వేలిముద్ర వేసేవాడు. ఆయన వేలికి అంటిన సిరా నాకిప్పటికీ గుర్తే. ఆ మస్టరులో ఆయన పేరు ఎదురుగా ఎంత కూలి రాశారో చదవగలిగినవాడు మా ఇంట్లో నేనొక్కణ్ణే. అప్పటికి నాది ఆరో తరగతి. ఒకనాడు చదివి గట్టిగా చెప్పాను. మరుసటి వారం నుంచి మా అయ్యకు పని లేదు.

అందుకని కంట్రాక్టు అంటే నాకు సిమెంటూ ఇసకా కాదు. నాకది కాగితం. ఆ కాగితం ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు, ఎవరు సంతకం పెడతారు అన్నదే మొదట్నుంచీ నా గొడవ.

ఇప్పుడు మన పిల్లలు కొందరు సొంతంగా చిన్న చిన్న సంస్థలు పెట్టారు. వెల్డింగు షెడ్డు, ప్రింటింగు, హౌస్‌కీపింగు, కార్లు అద్దెకు పెట్టడం. సర్కారు ఆఫీసులకు సప్లై చేద్దామని వాళ్ల ఆశ. పని వచ్చు, కష్టం వచ్చు. రానిదల్లా పని తెచ్చుకోవడం, చేసిన పనికి బిల్లు రాబట్టుకోవడం. దీనికొక అనుభవం ఉన్న మనిషి కావాలి. నెలకు లక్ష ఇచ్చి పెట్టుకునే తాహతు లేదు. "ఆరు నెలలకో ఎనిమిది నెలలకో, వారానికి రెండు రోజులు వచ్చేటట్టు ఒక రిటైర్డ్ ఆఫీసర్ని పెట్టుకుంటే ఎట్లుంటది సార్?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే వచ్చాను. పెట్టుకోండి. అయితే ఎట్లా పెట్టుకోవాలో దెబ్బతిని నేర్చుకున్న సంగతి ఒకటుంది. అది చెబుతాను.

ముందు చట్టం సంగతి. 2012లో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. కేంద్ర శాఖలూ, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలూ ఏటా కొనే సరుకుల్లో, సేవల్లో ఇంత వాటా సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలని. అప్పట్లో 20 శాతం అన్నారు, 2018లో 25 శాతం చేశారు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల పరిశ్రమల నుంచి కొనాలి. ఇది వస్తువులకూ సేవలకూ మాత్రమే. రోడ్లు, బిల్డింగులు వంటి పనులకు వర్తించదు, వాటికి ఏ రాష్ట్రం జీవోలు ఆ రాష్ట్రానివి. పక్కనున్న కర్ణాటక చట్టమే సవరించి 50 లక్షల లోపు పనుల్లో ఎస్సీలకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం పెట్టింది. 2023లో ఆ హద్దు కోటికి పెంచింది.

4 శాతం అనగానే చప్పట్లు కొట్టకండి. ఆ ఉత్తర్వులోనే ఇంకో మాట ఉంది. ఎస్సీ, ఎస్టీ పరిశ్రమలు టెండర్లో పాల్గొనకపోయినా, షరతులకు సరిపోకపోయినా, ఆ 4 శాతాన్ని మిగతా చిన్న పరిశ్రమల దగ్గర కొని నింపుకోవచ్చు. చూశారా? ఉద్యోగాల్లో మన పోస్టు ఖాళీగా ఉంటే బ్యాక్‌లాగ్ అని కొట్లాడతాం. ఇక్కడ బ్యాక్‌లాగ్ అన్న మాటే లేదు. ఈ ఏడాది మనం టెండరు వెయ్యలేదా, మన ముద్ద ఇంకొకడి విస్తట్లోకి పోతుంది, అదీ చట్టప్రకారమే. "మీవాళ్లు ముందుకు రావట్లేదండీ, మేమేం చెయ్యం" అని ఆఫీసరు ఒక లైను రాసి ఫైలు మూస్తాడు.

ఇది కొత్త గొడవ అనుకుంటే పొరపాటు. బాబాసాహెబ్ 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో చదువులూ ఉద్యోగాలతో పాటు ప్రభుత్వ పనుల కంట్రాక్టుల్లో మనవాళ్లు లేరన్న సంగతి కూడా రాశారు. మనం ఉద్యోగాల మాట పట్టుకున్నాం, కంట్రాక్టుల మాట వదిలేశాం. ఆయనకు వ్యాపారం తెలియకా కాదు. విదేశంలో చదివొచ్చిన తొలిరోజుల్లో బొంబాయిలో షేర్ల మీద సలహాలు చెప్పే పని పెట్టారు. సలహా చెప్పేవాడు అంటరానివాడని తెలియగానే వచ్చేవాళ్లు రావడం మానేశారు. 2002 జనవరిలో భోపాల్‌లో దళిత మేధావులంతా కూడి మళ్లీ ఈ మాటెత్తారు. మధ్యప్రదేశ్ సర్కారు కొనుగోళ్లలో 30 శాతం ఎస్సీ, ఎస్టీల దగ్గర అని ప్రకటించింది. మొత్తం మీద మన చేతికి రావడానికి 70 ఏళ్లు పట్టింది, అదీ 4 శాతం, అదీ చిల్లుతో.

ఇప్పుడు షెడ్డు కథ. నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడు, ఐటీఐ వెల్డరు. పేరెందుకు, మనోడు అనుకోండి. ఇనప మంచాలు, బీరువాలు, బడి బల్లలు చేస్తాడు. బీరువా తలుపు వేస్తే చప్పుడు రాకుండా మూసుకుంటది, అంత పనిమంతుడు. పట్నంలో ఒక పెద్ద ఫర్నిచర్ షాపాయన ఇతన్ని చేరదీశాడు. "నీ కులం సర్టిఫికెట్టూ ఆధారూ ఇయ్యి, నీ పేరున సంస్థ పెడదాం, పెట్టుబడి నాది, ఆర్డర్లు నావి, బీరువాకు ఇంత అని నీకు కూలి." మూడేళ్లు నడిచింది. మనోడి పేరున ఎంత వ్యాపారం జరిగిందో మనోడికి ఇన్‌కంటాక్స్ నోటీసు వచ్చినప్పుడు తెలిసింది. బ్యాంకు పాస్‌బుక్కు షాపాయన దగ్గరే, చెక్కుబుక్కు మీద మనోడి సంతకాలు ముందే చేయించి పెట్టుకున్నాడు. మా అయ్య ఒక్కొక్క మస్టరు మీద ఒక్కొక్క వేలిముద్ర వేశాడు. మనోడు ఒకేసారి పాతిక వేశాడు, అంతే తేడా.

దాంట్లోంచి బయటపడి సొంతంగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. ఆ రిజిస్ట్రేషన్ ఉచితం. ఇతని దగ్గర నెట్ సెంటరువాడు 2,500 తీసుకున్నాడు. తర్వాత జెమ్ పోర్టల్లో చేరాడు. అదే, 2016లో కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ బజారు. పదకొండు టెండర్లు వేశాడు. పదకొండూ పోయాయి. ఒక టెండరు ధరావతు కోసం భార్య గొలుసు తాకట్టు పెట్టాడు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ధరావతు మినహాయింపు ఉందని, టెండరు ఫారాలు ఉచితమని అతనికి తెలియదు. చెప్పినవాడు లేడు. గొలుసుకు ఏడు నెలలు వడ్డీ కట్టారు. ఆ అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం దాకా చదివింది. ఈ సంగతి తెలిసిన రోజు ఆమె నన్నొక మాట అడిగింది. "సారూ, మీరు మాకు పానిపట్టు యుద్ధాలు మూడూ చెప్పారు, ఇది చెప్పలేదే?" జవాబు లేదు నా దగ్గర.

అప్పుడు పెట్టుకున్నాం పెద్దాయన్ని. కొనుగోళ్ల సెక్షన్లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. మనవాడు కాదు. మనవాళ్లలో అట్లాంటి మనిషి కోసం వెతికాం, దొరికినవాళ్లు చాలా దూరంలో ఉన్నారు. వారానికి రెండు రోజులు, ఎనిమిది నెలలు, జీతం ఇంత అని నోటిమాట. రాయించుకోలేదు. అదే మొదటి తప్పు.

ఆయన వచ్చిన మొదటి నెల ఒక్క టెండరూ వెయ్యనివ్వలేదు. పోయిన పదకొండూ ముందేసుకుని కూచున్నాడు. ఒకదాంట్లో ఆడిటరు సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ నంబరు లేదు. ఒకదాంట్లో రేకు మందం 0.8 మిల్లీమీటర్లు అడిగితే మనోడు 0.7 అని రాశాడు. మూడింటిలో టెస్టు రిపోర్టు పెట్టలేదు. ఇంకో రెండు చూసి ఆయనే నవ్వి, "ఇవి నువ్వు వెయ్యాల్సినవి కాదయ్యా, ఎవరికో కొలతలు తీసి కుట్టిన చొక్కాలు" అన్నాడు. ఆ మాటకు లక్షరూపాయల విలువుంది. ఏది వెయ్యాలో చెప్పేవాళ్లు చాలామంది. ఏది వెయ్యకూడదో చెప్పేవాడే కావాలి. ఏ ఆఫీసు ఏ నెలలో కొంటుందో, మార్చి 31 లోపల డబ్బు ఖర్చుపెట్టాలని ఏ సంస్థ తొందరపడుతుందో ఒక నోటుబుక్కులో రాయించాడు. చిన్న పరిశ్రమ కాని పెద్ద కంపెనీ వేసిన అతి తక్కువ రేటుకు మన రేటు 15 శాతం లోపల ఉంటే, ఆ రేటుకు దిగొచ్చి కనీసం 25 శాతం సరుకు మనం ఇవ్వొచ్చనే రూలుంది. అది చూపించాడు. అనుభవం లేదు, టర్నోవర్ లేదు అని తోసెయ్యకుండా చిన్న సంస్థలకు ఆ షరతులు సడలించొచ్చని నిబంధన ఉంది. సడలించాలని కాదు, సడలించొచ్చని. ఆ 'వచ్చు' అన్న ముక్క దగ్గర ఆఫీసరుకు ముందుగా ఉత్తరం ఎట్లా రాయాలో నేర్పాడు. నేను తెలుగు పంతుల్ని కాకపోయినా, ఒక్క క్రియాపదంలో ఇంత బతుకుందని నాకూ అప్పుడే తెలిసింది.

ఇదంతా ఆయనకు దక్కవలసిన మెప్పు. దాచను. ఇక రెండో వైపు.

షెడ్డు ముందు చిన్న రూములో ఒకటే కుర్చీ. మొదటి రోజు ఆయనొచ్చి అందులో కూచున్నాడు. పెద్దాయన కదా అని మనోడు స్టూలు మీద కూచున్నాడు. వారం తిరిగేసరికి ఇనుము వేసే ట్రాలీవాడు కూడా "సార్ ఉన్నారా" అని పెద్దాయన కోసం అడుగుతున్నాడు. ఆఫీసులకు పోతే మాట్లాడేది ఆయన, ఫైలు మోసేది ఓనరు. ఆయన మనోణ్ణి ఏకవచనంలో పిలుస్తాడు, మనోడు ఆయన్ని అయ్యగారు అంటాడు. జీతం ఇచ్చేదెవరు, తీసుకునేదెవరు? మన వెన్నులో ఉన్న వంపు అది, రెండు తరాలకు పోదు. ఆయన కావాలని చేశాడనను. ఆయనకూ అలవాటే, మనకూ అలవాటే.

డిజిటల్ సంతకం తెలుసుగా? పెన్‌డ్రైవ్ లాంటి చిన్న కీ. దాన్ని పెట్టి నంబరు కొడితే టెండరు మీద మన సంతకం పడినట్టే. "నాకు ఇంటి దగ్గర రాత్రిపూట పని చేసుకునే వీలుంటది, కీ నా దగ్గర ఉంచయ్యా" అన్నాడు. ఇచ్చాడు. నంబరు కూడా చెప్పాడు. పదిమంది ఇళ్లకు బీరువాలు చేసి తాళాలు బిగించే మనిషి, తన తాళంచెవి ఇంకొకడి జేబులో పెట్టాడు. ఐటీ చట్టం 2000లో స్పష్టంగా ఉంది, ఆ కీని తన అదుపులో ఉంచుకోవలసిన బాధ్యత సంతకందారుదేనని. ఎవడు నొక్కినా నొక్కింది నువ్వే.

మూడో నెలలో ఒక హాస్టలు మంచాల టెండరు వచ్చింది. పెద్దాయన అడక్కుండా రేటు వేశాడు. ఇనుము ఖర్చుకు కూడా చాలని రేటు. ఆర్డరు వచ్చింది! వచ్చిన సంగతి మనోడికి ఫోనుకు మెసేజి వస్తే తెలిసింది. ఇదేంటయ్యా అంటే, "ముందు ఒక సప్లై చేసినట్టు అనుభవం సర్టిఫికెట్ చేతికొస్తది, తర్వాత సంపాదించుకోవచ్చు" అన్నాడు. ఆయన లెక్కలో అది తప్పు కాదు. పెద్ద కంపెనీలు అట్లాగే చేస్తాయి. కానీ ఆ నష్టం మోసే ఇల్లు ఆయనది కాదు. వెనక్కి తగ్గుదామా అంటే, ధరావతు బదులు ఒక హామీపత్రం రాసిచ్చాం, తగ్గితే కొంతకాలం ఏ టెండరూ వెయ్యనివ్వరు. చేసి ఇచ్చాం. లక్షా ఎనభై వేలు పోయింది. అందులో ముప్పై నాది, మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

ఆయన దొంగ కాదు. అదే వచ్చిన చిక్కు. దొంగైతే తరిమేసేవాళ్లం.

అదే నెలలో ఇంకో మాట కదిపాడు. జీతం వద్దు, తెచ్చిన ఆర్డరు మీద 5 శాతం ఇయ్యండని. చాలామంది తమ్ముళ్లకు ఈ బేరం ముద్దొస్తుంది. పని వస్తేనే ఇస్తాం, రాకపోతే లేదు, మనకేం పోయింది అని. చాలా పోతుంది. శాతం తీసుకునేవాడికి ఆర్డరు కావాలి, అది లాభమా నష్టమా వాడికి పట్టదు. నష్టం ఆర్డరుకూ 5 శాతమే, లాభం ఆర్డరుకూ 5 శాతమే. పైగా ఆ 5లో 2 ఎవరికి పంచుతాడో మనకు చెప్పడు. 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చారు. లంచం పుచ్చుకున్నవాడితో పాటు ఇచ్చినవాడికీ ఇప్పుడు ఏడేళ్ల దాకా జైలు. బలవంతం మీద ఇచ్చానంటావా, ఏడు రోజుల్లోపల పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. వాడు ఇచ్చాడని తేలితే పట్టుకునేది ఎవణ్ణి? సంస్థ ఎవడి పేరున ఉందో వాణ్ణి.

అమెరికాలో ఇంజనీరుగా ఉన్న మా పక్కింటి కుర్రాడికి ఫోనులో ఈ కథ చెబితే, "బాబాయ్, ఇక్కడ దీనికో పేరే ఉంది, ఫ్రాక్షనల్ చీఫ్ రెవెన్యూ ఆఫీసర్ అంటారు" అన్నాడు. సర్కారుకు సప్లై చేసే చిన్న కంపెనీలు ఇట్లా కొన్ని నెలలకు, వారానికి కొన్ని గంటలకు పెద్ద అనుభవం ఉన్న మనిషిని పెట్టుకుంటాయట. అతను పంపిన కాగితాలు చదివాను. అక్కడ నల్లవాళ్లకూ మిగతా వెనకబడ్డవాళ్లకూ ఎయిట్-ఏ అని ఒక కార్యక్రమం ఉంది, తొమ్మిదేళ్ల గడువుతో. సంస్థలో 51 శాతం వెనకబడ్డ మనిషిది అయితే చాలదు, రోజువారీ నడిపేదీ అతనే అయ్యుండాలి. పైనుంచి పెట్టుకున్న మనిషి జీతం మామూలుగా ఓనరు జీతాన్ని మించకూడదు, మించాలంటే అనుమతి తీసుకోవాలి. ఫలానా కంట్రాక్టు తెచ్చిపెడితే ఇంత శాతం అన్న ఒప్పందాలను కూడా కేంద్ర కంట్రాక్టుల్లో నిషేధించారు. నిజంగా సంస్థలో పనిచేసే ఉద్యోగికీ, నిఖార్సయిన ఏజెన్సీలకూ మాత్రం మినహాయింపు. అక్కడంతా బాగుందని నేననను. నల్లవాళ్లను పుట్టుకతోనే వెనకబాటుకు గురైనవాళ్లుగా లెక్కగట్టడం చెల్లదని 2023 జులైలో టెన్నెసీ ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది, అక్కడా కోత మొదలైంది. కానీ బినామీ ఎట్లా దూరుతాడో వాళ్లకు అనుభవంతో తెలిసింది, తెలిసి రాసుకున్నారు. మన 2012 ఉత్తర్వు మాత్రం సొంతదారు ఎస్సీ, ఎస్టీ అయ్యుండాలి, భాగస్వామ్యంలోనైనా ప్రైవేటు లిమిటెడ్‌లోనైనా 51 శాతం మనది ఉండాలి అని వాటా గురించే చెబుతుంది. ఆ 51 శాతం ఉన్నవాడు స్టూలు మీద కూచున్నాడా, కుర్చీలో కూచున్నాడా అని అడగదు. ఆ అడిగేదేదో మనమే అడగాలి.

మంచాల నష్టం తర్వాత ఒక ఆదివారం మా ఇంట్లో కూచున్నాం. పెద్దాయన్ని కూడా పిలిచాం, వచ్చాడు. ఈసారి కాగితం రాశాం. ఎనిమిది నెలల్లో మిగిలింది అయిదు. నెల జీతం, శాతాలు లేవు. ఏ టెండరైనా మనోడూ, అతని భార్యా, ఆయనా ముగ్గురూ కూచుని ఖర్చు లెక్క కట్టి రేటు వెయ్యాలి. ఇనుము రేటు ఆ రోజుది కనుక్కున్నాకే. కీ ఆ అమ్మాయి దగ్గర ఉంటుంది. ఆమె దాన్ని ఇంటి తాళంచెవుల గుత్తికి తగిలించి నడుముకు దోపుకుంది. బ్యాంకు కాగితాలు ఆయన ముట్టుకోడు. ఆఫీసులో ఎవర్ని కలిసినా పక్కన మనోడు ఉండాలి, మాట్లాడేది సగమైనా మనోడు మాట్లాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన చేసే ప్రతి పనీ ఆ అమ్మాయికి చూపిస్తూ చెయ్యాలి, ఆఖరు నెలలో ఆమె వేస్తుంటే ఆయన చూడాలి. ఇంకో కుర్చీ చేయించమన్నాను. కుర్చీలు చేసేవాడి షెడ్లో కుర్చీకి కొదవా!

ఆ కాగితం చదివి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అంటే నన్ను నమ్మరా?" అన్నాడు. ఆ అమ్మాయే చెప్పింది, "నమ్మకం కాదండీ, మీరు పోయాక మేం బతకాలి గదా" అని. సంతకం పెట్టాడు. పెట్టడేమో అనుకున్నాను నేను. ఒక మనిషి గురించి ముందే తీర్పు రాసుకున్నందుకు నాకు కొంచెం సిగ్గేసింది కూడా.

మీరు రిటైరైనవాళ్లను వెతుక్కునేటప్పుడు ఇదొకటి చూసుకోండి. కేంద్రంలో గ్రూప్-ఏ ఆఫీసరుగా దిగిపోయినవాడు ఏడాది లోపల ప్రైవేటు కొలువుకు రావాలంటే సర్కారు అనుమతి ఉండాలి. "నా పాత ఆఫీసులో నేను చెబితే అయిపోద్ది" అనేవాణ్ణి అసలు పెట్టుకోకండి. ఆ మాట అన్నాడంటే వాడు మీకు అమ్మేది చదువు కాదు, పరిచయం. పరిచయం వాడితో పాటే పోతుంది.

ఆ తర్వాత తగాదా బిల్లు దగ్గర వచ్చింది. ఒక ఆఫీసుకు బల్లలు ఇచ్చాం, పుచ్చుకున్నట్టు రాసిచ్చారు, ఏడు నెలలు డబ్బు లేదు. డబ్బు రాకపోయినా జీఎస్టీ మాత్రం బిల్లు రాసిన మరుసటి నెలలోనే కట్టాలి, కట్టాం, అప్పు చేసి. 2006 చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బివ్వాలి. ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు వినడానికి ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. కౌన్సిల్ మనకు తీర్పిస్తే, దాన్ని కోర్టులో సవాలు చెయ్యడానికి ఆఫీసు ముందు 75 శాతం కట్టి రావాలి. చట్టం గట్టిదే. పెద్దాయన మాత్రం వద్దన్నాడు. "ఆఫీసు మీద కేసు పెడితే మళ్లీ ఆర్డరు రాదమ్మా, పదిమందిలో చెడ్డపేరు వస్తది" అని. నిజమే, రాకపోవచ్చు. కానీ చెడ్డపేరు ఎవరికి? ఆయనకు ఆ ఆఫీసుల్లో ముప్పై ఏళ్ల స్నేహాలు, ఆయన భయం ఆయనది. మనోడింట్లో గ్యాసు బండకు డబ్బుల్లేవు. అమ్మాయి రాత్రి కూచుని ఆన్‌లైన్లో ఫిర్యాదు వేసింది, కీ తన దగ్గరే ఉంది కదా. నోటీసు పోయిన కొన్నాళ్లకు అసలు వచ్చింది. వడ్డీ గురించి ఇంకా నడుస్తోంది. ఆ ఆఫీసు నుంచి మళ్లీ ఆర్డరు రాలేదు. ఇదీ చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

సంఘంలో ఒక పెద్దన్న నన్ను నిలదీశాడు. "మనం భూమి కోసం, కూలి కోసం కొట్లాడే వాళ్లం. నువ్వు కంట్రాక్టర్లను తయారుచేస్తున్నావు. రేపు వీడే మన కూలోడి పొట్ట కొట్టడా?" అని. కొట్టొచ్చు. కొట్టినవాళ్లు మనలోనూ ఉన్నారు. మనోడి షెడ్లో ఆరుగురు పనిచేస్తారు. మంచాల నష్టం వచ్చిన నెలలో వాళ్లకు సగం జీతమే ఇస్తానన్నాడు. నేనూ ఆ అమ్మాయీ అడ్డం పడి పూర్తిగా ఇప్పించాం. నష్టపు రేటు వేసినప్పుడు ఆఖరికి కోత పడేది కూలి మీదేనని నాకు ఆ రోజే అర్థమైంది. పెద్దన్న అడిగింది వదిలేసే ప్రశ్న కాదు, తరగతిలో దానికి విడిగా ఒక పూట కేటాయించమని కోరుతున్నాను. కానీ మన సర్టిఫికెట్టు మాత్రం అద్దెకు పోతూ, ఆ డబ్బుతో వాళ్లు మన మీదే ఎలక్షన్లు గెలుస్తుంటే చూస్తూ కూచోమంటే నా వల్ల కాదు.

పెద్దాయన ఎనిమిది నెలలూ పూర్తిచేసి వెళ్లిపోయాడు. వెళ్లే రోజు ఆయనకు షెడ్డులోనే చేసిన ఒక చిన్న బీరువా ఇచ్చారు. ఆటో ఎక్కుతూ ఆ అమ్మాయిని "అమ్మా, మీరు" అని పిలిచాడు. నేను విన్నాను. ఆ తర్వాత వాళ్లు తొమ్మిది టెండర్లు వేశారు, రెండు వచ్చాయి, నాలుగు పోయాయి, మూడు తేలలేదు. రెండే వచ్చాయా అనకండి. ఆ రెండింటిలోనూ ఇనుము ఖర్చూ కూలీ పోను మిగిలింది.

ఈ మండలంలో ఇట్లాంటి సంస్థలు నాకు తెలిసి ఏడున్నాయి. ఏడుగురూ విడివిడిగా ఏడుగురు రిటైర్డ్ ఆఫీసర్లను పెట్టుకోలేరు. ముగ్గురో నలుగురో కలిసి ఒకర్ని పెట్టుకుంటే తలా ఒక వంతు జీతం పడుతుంది. ఆ మనిషి వచ్చే రోజున అందరూ ఒకచోట కూచోవచ్చు. ఒకే టెండరుకు ఇద్దరు పోటీపడితే మాత్రం ఆ మనిషిని ఆ టెండరు జోలికి రానివ్వొద్దు. ఇద్దరి రేట్లూ ఒకడికి తెలియకూడదు, మాట్లాడుకుని రేట్లు వేస్తే అది రింగు అవుతుంది, రింగుల మీద కొట్లాడేవాళ్లం మనం రింగు కట్టకూడదు. ఆ ఒప్పందం కాగితం నమూనా నా దగ్గర ఉంది, జిరాక్సులు తెచ్చాను, బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి కూడా వచ్చింది, అదిగో వెనక వరసలో. భోజనాల తర్వాత టెండరు ఎట్లా తెరిచి చదవాలో ల్యాప్‌టాప్ మీద ఆమె చూపిస్తుంది. చూడదలచుకున్నవాళ్లు ఇప్పుడే ఆమె దగ్గర పేర్లు రాయించండి, రూము చిన్నది, ఇరవై మంది కంటే పట్టరు. ఎవరైనా తమ కీని ఇంకొకరి దగ్గర పెట్టి వచ్చారా? సిగ్గుపడకుండా చేతులెత్తండి. ఫోను చేసి ఈ సాయంత్రానికే తెప్పించుకుందాం.